నేల ఉసిరి – కాలేయానికి రక్ష ఎంతవరకు?

కామెర్లు అనగానే మన ఊళ్లలో నేల ఉసిరి రసం పట్టిస్తారు. ఈ మొక్కపై పరిశోధనలు చాలా జరిగాయి. ఎలుకలకు ముందుగా దీని సారం ఇచ్చి, తరువాత కార్బన్ టెట్రాక్లోరైడ్ అనే విష రసాయనం ఇచ్చి చూశారు. ఆ రసాయనం కాలేయంలో ఫ్రీ రాడికల్స్‌ను పుట్టించి కణాల పొరలను పాడుచేస్తుంది. ఆకులోని యాంటీ ఆక్సిడెంట్లు వాటిని కొంత అణచి నష్టాన్ని తగ్గించాయి. ముందుగా ఇచ్చారన్న మాట గమనించండి.

మన దగ్గరకు వచ్చే రోగి విషం లోపలికి వెళ్లాక వస్తాడు. తెలిసో తెలియకో పారాసిటమాల్ మాత్రలు ఎక్కువగా మింగినవారి సంగతి చూడండి. కాలేయంలో గ్లూటాథయోన్ అనే సొంత యాంటీ ఆక్సిడెంట్ ఉంటుంది. మాత్రల నుండి పుట్టే విషాన్ని విరిచేది అదే. మోతాదు మించితే అది తరిగిపోతుంది. అయినా మొదటి రోజు కాస్త వికారం, వాంతులు తప్ప మనిషి బాగానే కనిపిస్తాడు. ఇంటివారు పసరు పోసి ధైర్యంగా ఉంటారు. కళ్లు పచ్చబడేసరికి రెండు మూడు రోజులు గడిచి, కాలేయం బాగా దెబ్బతిని ఉంటుంది.

గ్లూటాథయోన్‌ను తిరిగి నింపే మందు ఎన్-అసిటైల్ సిస్టీన్. మాత్రలు మింగిన 8 గంటలలోపు మొదలుపెడితే చాలామందిలో కాలేయాన్ని కాపాడవచ్చు. ఆలస్యమైనా ఇస్తాము గానీ, ఫలితం తగ్గుతుంది.

నేల ఉసిరిని మేము తీసిపారేయడం లేదు. పసరు పోసి ఉంటే దాచకుండా చెప్పండి, కోప్పడము. ఖాళీ మాత్రల షీటు తప్పక తీసుకురండి. ఎన్ని మింగారు, ఎన్ని గంటలకు మింగారు అన్నదే మేము మొదట అడుగుతాము.