ప్రహ్లాదుడు అనని మాట: ఒక బడి నాటకం నేర్పిన పాఠం

ఓం నమో నారసింహాయ. 

ప్రహ్లాద చరిత్ర వీడియో చూసినవాళ్లు కొందరు అడిగారు, "ఈ కథను చిన్నపిల్లల చేత బడిలో పాటలతో వేయించొచ్చా? భయపడరా?" అని. వేయించొచ్చండి. ఉరవకొండ వైపు ఒక చిన్న ప్రాథమిక పాఠశాల పిల్లలతో నేను వేయించాను. అందులో నేనొక తప్పు చేశాను. దాన్ని సరిదిద్దింది ఐదో తరగతి పిల్లవాడు. ఈ రోజు పాఠం అదే.

మన సీమ, మన కథ

అనంతపురం సీమకు ప్రహ్లాదుడు కొత్తవాడు కాదు. కదిరిలో మనం కాటమరాయుడని పిలుచుకునే నరసింహస్వామి పక్కనే ప్రహ్లాదుడు నిలబడి ఉంటాడు. ఆంధ్ర నాటక పితామహుడు ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853–1912) ఈ కథను నాటకంగా రాశారు. 1932లో వచ్చిన మొదటి తెలుగు టాకీ "భక్త ప్రహ్లాద"కు ఆ నాటకమే ఆధారం. ఆయన మేనల్లుడు, మహానటుడు బళ్లారి రాఘవ 1880లో పుట్టింది మన తాడిపత్రిలోనే.

అందరి చేయీ పడింది

మా దగ్గర డబ్బుల్లేవు, మనుషులున్నారు. ఊరి చెక్కభజన బృందంలో ముగ్గురు తండ్రులున్నారు. తాళం, పాట వాళ్లే చూసుకున్నారు. మిషన్ కుట్టే ఒక తల్లి పాత చీరలతో దుస్తులు కుట్టింది. స్తంభానికి ఫ్రిజ్ అట్టపెట్టె వాడాం. పొద్దంతా కూలికి పోయేవాళ్లు కాబట్టి రిహార్సల్ రాత్రి ఏడు దాటాకే.

హిరణ్యకశిపుని వధ దగ్గర పిల్లలు జడుసుకోకుండా ఒక ఉపాయం చేశాం. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేస్తారు కదా, ఆ ఆట గుర్తొచ్చింది. తెల్ల పంచె కట్టి, వెనక బల్బు పెట్టి, నరసింహుణ్ణి నీడగా మాత్రమే చూపించాం.

నా తప్పు

సంభాషణలు నేనే రాశాను. జనం చప్పట్లు కొడతారని ప్రహ్లాదుడి నోట ఒక మాట పెట్టాను: "నువ్వు నా తండ్రివే కాదు!"

ప్రహ్లాదుడి వేషం వేసిన పిల్లవాడికి అన్నీ కంఠతా వచ్చు. ఆ ఒక్క మాట దగ్గరికి వచ్చేసరికి నోరు విప్పడు. మూడు రోజులు చూశాను. నాలుగో రోజు అందరి ముందూ గట్టిగా కసిరాను. వాడు కిరీటం తీసి బల్ల మీద పెట్టి ఇంటికి పోయాడు.

మరుసటి రోజు పొద్దున్నే వాళ్లింటికి వెళ్లాను. అవ్వ అరుగు మీద కూర్చుని శనక్కాయలు ఒలుస్తోంది. "వాని నాయనా అమ్మా బెంగుళూరికి బిల్డింగు పనికి పోయి ఎనిమిది నెల్లాయ సామీ. పంట పోయె, అప్పు మిగిలె. మీ నాయన ఇంక రాడులే అని పిల్లోళ్లు వీణ్ణి ఏడిపిస్తాండారు. ఆ మాట వీని నోట ఎట్లొస్తాది?" అంది.

నాకు తల కొట్టేసినట్టయింది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన, అదీ నమ్మకం లేని వాన పడే నేల మనది. వలస పోని వీధి ఉండదు. అది తెలిసీ, ఆ బిడ్డ చేత ఆ మాట అనిపించబోయాను.

భాగవతం ఏం చెబుతోంది?

ఇంటికొచ్చి భాగవతం సప్తమ స్కంధం మళ్లీ తెరిచాను. నేను రాసిన మాట అందులో లేదు. విషం పెట్టించినా, ఏనుగులతో తొక్కించినా ప్రహ్లాదుడు తండ్రిని కాదనలేదు. ఆయన మాటను మాత్రమే కాదన్నాడు.

వధ అయ్యాక స్వామి వరం కోరుకోమంటే ఆ పిల్లవాడు ఏం అడిగాడు? మొదట, మనసులో కోరికలే పుట్టకూడదన్నాడు. తర్వాత, నిన్ను నిందించిన నా తండ్రి పాపం పోవాలన్నాడు. నీ తండ్రితో పాటు ఇరవై ఒక్క తరాలు పవిత్రమయ్యాయని స్వామి చెప్పాడు. తండ్రికి ఉత్తరక్రియలు చేయమని కూడా ఆజ్ఞాపించాడు.

చూడండి, మనం చాలాసార్లు కథను స్తంభం పగలడం దగ్గరే ఆపేస్తాం. భక్తి అంటే ఎదిరించడం వరకే అనుకుంటాం. ఎదిరించినవాడి మేలు కూడా కోరడం దాకా వెళితేనే ప్రహ్లాద చరిత్ర పూర్తవుతుంది.

నాటకం రోజు

ఆ మాట కొట్టేశాను. పిల్లవాణ్ణి కసిరింది అందరి ముందు కాబట్టి, తప్పు నాదని అందరి ముందే చెప్పాను. చివర వరం అడిగే ఘట్టం కొత్తగా రాశాను. వాడు కిరీటం మళ్లీ పెట్టుకున్నాడు.

ఆ రాత్రి అవ్వ ముందు వరసలో ఫోన్ పట్టుకుని కూర్చుంది. వీడియో కాల్‌లో వాళ్ల నాయన, అమ్మ. "స్వామీ, మా నాయన చల్లగా ఉండాల" అన్నాడు పిల్లవాడు. నేను రాసింది "నా తండ్రి పాపం తొలగించు" అని. చూడాల్సింది నరసింహుడి నీడ వైపు. వాడు ఫోన్ వైపు చూశాడు. చెక్కలు ఒక్క క్షణం ఆగిపోయాయి. నేను సరిదిద్దలేదు.

ఈ వారం ఇంట్లో చేయండి

1. పిల్లలతో కూర్చుని ప్రహ్లాదుడు వరం అడిగే ఘట్టం చదవండి. "నువ్వైతే ఏం అడుగుతావు?" అని అడగండి.
2. పిల్లలు ఏదైనా మాట అననంటే, కసిరే ముందు ఎందుకో కనుక్కోండి.
3. మీ మాట కాదన్నవాళ్లలో ఒకరి మేలు కోరి రోజూ ఒక నమస్కారం పెట్టండి.

వచ్చే పాఠంలో నవవిధ భక్తులలో మొదటిదైన శ్రవణం గురించి చెప్పుకుందాం. శుభం.