తప్పు తాతయ్య గొంతుది కాదు, గదిది: చిన్న గదిలో రికార్డింగ్‌కి కొలతలు, నేల

"ఇంట్లో స్తోత్రం రికార్డ్ చేస్తే బావిలోంచి చదివినట్టు వస్తోంది, ఏ మైక్ కొనమంటారు?" ఈ ప్రశ్న నన్ను చాలామంది అడుగుతుంటారు. నా సమాధానం ఒకటే. మైక్ కొనేముందు టేపు తీసుకుని గది కొలవండి. ఎందుకో చెప్తాను.

పోయిన కార్తీకంలో మా తాతయ్య చేత విష్ణు సహస్రనామం చదివించి రికార్డ్ చేశాను. ఆయనకి 84 ఏళ్ళు. మా ఫ్లాట్‌లో చిన్న గది పొడవు 10 అడుగులు, వెడల్పు 10, సీలింగ్ ఎత్తు కూడా 10. సరిగ్గా మధ్యలో కుర్చీ వేసి కూర్చోబెట్టాను. ఫ్రేమ్‌లో పడకూడదని మైక్‌ని మూడడుగుల దూరంలో పెట్టాను. విని చూస్తే ప్రతి నామం వెనకా "బూం" అని ఒక మోత.

నేలంతా టైల్స్ కదా, అదే కారణం అనుకున్నాను. 9,000 పెట్టి గోడ నుంచి గోడ దాకా కార్పెట్ వేయించాను. మళ్ళీ రికార్డ్ చేస్తే మోత అలాగే ఉంది. పైగా శ, ష, స మూడూ ఒకేలా వినిపించాయి. చిన్నప్పుడు ఆ మూడింటినీ నా చేత విడివిడిగా పలికించింది ఆయనే. తాతయ్య ఇయర్‌ఫోన్స్ తీసేసి, "పళ్ళు పోయాయి కదరా, ఇక నా గొంతు పనికిరాదు. నువ్వే చదువుకో" అని లేచి వెళ్ళిపోయారు.

ఎదురుగా కూర్చుని వింటే ఆయన ప్రతి అక్షరమూ స్పష్టంగానే ఉంటుంది. అంటే బగ్ ఆయనలో లేదు, నా సెటప్‌లో ఉంది. వెతకడం మొదలుపెట్టాను.

మొదటి పాఠం: గది కొలత

శబ్దం సెకనుకు సుమారు 1130 అడుగులు వెళ్తుంది. ఎదురెదురు గోడల మధ్య అటూ ఇటూ తిరుగుతూ, కొన్ని ఫ్రీక్వెన్సీల దగ్గర తనతో తానే కలిసి పెరుగుతుంది. ఉయ్యాలని సరైన సమయంలో తోస్తే ఊపు పెరిగినట్టే. దీన్నే రూమ్ మోడ్ అంటారు. లెక్క చాలా తేలిక: 565ని గోడల మధ్య దూరంతో (అడుగుల్లో) భాగించండి. వచ్చింది మొదటి మోడ్. దానికి రెట్టింపు రెండోది, మూడింతలు మూడోది.

మా గదికి 565ని 10తో భాగిస్తే 56 హెర్ట్జ్. తర్వాతవి 113, 169. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ ఒకటే కాబట్టి మూడు దిక్కుల మోడ్‌లూ ఒకే చోట పోగుపడ్డాయి. తాతయ్య పారాయణ చేసే శ్రుతి ట్యూనర్ యాప్‌లో చూస్తే 110 దగ్గర ఉంది. ఆయన నోరు తెరిచినప్పుడల్లా గది కూడా గొంతు కలుపుతోందన్నమాట!

అమ్మానాన్నల గది 14 × 11½, ఎత్తు 10. దాని మొదటి మోడ్‌లు 40, 49, 56. రెండోవి 81, 98, 113. ఎక్కడికక్కడ విడిగా ఉన్నాయి కాబట్టి ఏ ఒక్క స్వరమూ మరీ ఉబ్బదు. 1965లో సెప్‌మేయర్ సూచించిన నిష్పత్తుల్లో ఒకటి 1 : 1.14 : 1.39. ఆ గది దాదాపు దానికి సరిపోతుంది. కానీ కిటికీ మెయిన్ రోడ్డు మీదకి ఉంది, హారన్లు ఆగవు. అందుకే చిన్న గదిలోనే ఉండిపోయాం. మీకు రెండు గదులుంటే మాత్రం మూడు కొలతలూ వేరువేరుగా ఉన్నదాన్ని ఎంచుకోండి. 10 × 10 లాగే 10 × 20 కూడా ఇబ్బందే, ఎందుకంటే ఒకటి ఇంకోదానికి సరిగ్గా రెట్టింపు.

రెండో పాఠం: కూర్చునే చోటు

రెండో మోడ్ గోడల దగ్గరా, గది నట్టనడుమా బలంగా ఉంటుంది. గోడ నుంచి పావు వంతు దూరంలో దాదాపు సున్నా. నేను తాతయ్యని కూర్చోబెట్టింది సరిగ్గా నట్టనడుమ!

10 అడుగుల్లో పావు వంతు 2½ అడుగులు. రెండు గోడల నుంచీ అంత దూరం జరగాలి. మరి ఎత్తు సంగతి? నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంటే నోరు ఉండేది కూడా సుమారు 2½ అడుగుల ఎత్తులోనే. కుర్చీ తీసేస్తే మూడో దిక్కు లెక్క కూడా కుదిరిపోయింది.

మూడో పాఠం: నేల

కార్పెట్ ఎందుకు పనిచేయలేదు? మెత్తటి వస్తువు శబ్దాన్ని బాగా పీల్చాలంటే దాని మందం ఆ తరంగంలో పావు వంతుకి దగ్గరగా ఉండాలి. 5,000 హెర్ట్జ్ తరంగంలో పావు వంతు ముప్పావు అంగుళం కూడా ఉండదు, కార్పెట్ దాన్ని మింగేస్తుంది. 113 హెర్ట్జ్‌కి పావు వంతు 2½ అడుగులు. అక్కడ కార్పెట్ ఉన్నా లేనట్టే. శ, ష, సల తేడా చెప్పే శబ్దం ఎక్కువగా 2,500 నుంచి 8,000 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. అంటే 9,000 పెట్టి నేను అక్షరాల స్పష్టత తీసేసి, మోతని మాత్రం జాగ్రత్తగా అట్టేపెట్టాను.

టైల్స్, గ్రానైట్, లామినేట్ మూడూ శబ్దాన్ని తిప్పికొట్టేవే. దాని కోసం టైల్స్ పీకించి లామినేట్ వేయించక్కర్లేదు. గట్టి నేల అలాగే ఉంచి, మనిషి కూర్చునే చోట మాత్రం జంపఖానా పరవండి. కార్పెట్ నిజంగా ఉపయోగపడేది ఒక్కచోటే: మీ అడుగుల చప్పుడు కింది ఫ్లాట్‌లోకి వెళ్ళకుండా ఆపుతుంది. పక్కింటి మిక్సీ మోతని మాత్రం ఆపలేదు.

చివరికి ఏం చేశామంటే

కార్పెట్ చుట్టేశాం. వరంగల్ జంపఖానా ఒకటి రెండు మడతలు పెట్టి, మూల నుంచి 2½ అడుగుల కొలత చూసి పరిచాం. తాతయ్య వెనక గోడలకి బొంతలు వేలాడదీశాం. మందపాటి దూది పరుపుల్ని మూలల్లో అడ్డంగా, వెనక కాస్త ఖాళీ ఉండేలా నిలబెట్టాం. మైక్‌ని జానెడు దూరానికి తెచ్చాను. ఫ్రేమ్‌లో కనిపిస్తే కనిపించనీ. కొత్తగా కొన్నది ఏమీ లేదు.

మీరూ పరీక్షించుకోవచ్చు. ఆడాసిటీలో మీ గది రెండో మోడ్ ఫ్రీక్వెన్సీకి ఒక టోన్ తయారుచేసి, బ్లూటూత్ స్పీకర్‌ని మూలలో పెట్టి మోగించండి. ఫోన్ స్పీకర్‌కి అంత కింది శబ్దం సరిగ్గా రాదు. గదిలో నెమ్మదిగా నడవండి. మోత ఎక్కడ తగ్గితే అక్కడ పీట వేయండి.

తాతయ్యని ఒప్పించడానికి వారం పట్టింది. "ఒక్క పది నామాలు చాలు తాతయ్యా" అని బతిమాలి కూర్చోబెట్టాను. చదివారు, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని కళ్ళు మూసుకుని విన్నారు. బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు. "ఏరా, నాలుగో నామం దగ్గర తొందరపడ్డాను. మొదట్నించీ మళ్ళీ పెట్టు" అన్నారు.

ఆ రోజు వెయ్యి నామాలూ పూర్తిచేసే లేచారు. మీ ఇంట్లోనూ అలాంటి గొంతు ఉంటే, ఈ ఆదివారం టేపు తీయండి. శుభం.