ఫోన్ ఆగిపోతే బ్యాటరీ పోయినట్టేనా? లాజిక్‌తో చెక్ చేద్దాం

"బ్యాటరీ పాడైతే ఫోన్ ఆగిపోతుంది. ఫోన్ ఆగిపోయింది. కాబట్టి బ్యాటరీ పాడైంది." ఆత్మకూరులో మా తమ్ముడికి ఓ షాపులో ఇదే చెప్పారు. కరెక్టేనా?

బార్‌వైజ్, ఎచమెండీ రాసిన ‘లాంగ్వేజ్, ప్రూఫ్ అండ్ లాజిక్’ (1999) పుస్తకంతో వచ్చే ‘బూల్’ సాఫ్ట్‌వేర్‌లో నేను ట్రూత్ టేబుల్ వేశాను. మొత్తం 4 వరసలు. బ్యాటరీ బాగుండి కూడా ఫోన్ ఆగిన వరసలో, మొదటి రెండు మాటలూ నిజమే, చివరిది మాత్రం అబద్ధం. అంటే ఆ వాదన చెల్లదు! ముందు ఇంకో ఛార్జర్ పెట్టి చూడమనండి.

తిరగేస్తే మాత్రం చెల్లుతుంది: ఫోన్ ఆగలేదు, కాబట్టి బ్యాటరీ పాడవలేదు. దీని ప్రూఫ్‌ను ‘ఫిచ్’ ఒక్కో స్టెప్పూ చెక్ చేస్తుంది.

ఇవి కంప్యూటర్‌లో నడిచేవి. మీ దగ్గర ఫోనే ఉందా? మాగ్నస్ రాసిన ‘ఫర్ ఆల్ ఎక్స్’ పీడీఎఫ్ ఫ్రీ. ఉదయగిరి బస్సులోనూ చదువుకోవచ్చు. టేబుల్స్ మాత్రం నోట్‌బుక్‌లో చేత్తో వేయండి, అప్పుడే బుర్రకెక్కుతాయి.