ఆదోని పాతూళ్లో ఇల్లు చూస్తున్న మా అబ్బాయికి

ఆదోని

చిరంజీవికి,

షరాఫ్ బజారు వెనక సందులో ఇల్లు బేరానికొచ్చిందనీ, ఎమ్మిగనూరు రోడ్డులో ఒక ప్లాటు కూడా చూశావనీ, దేనికి బయానా ఇయ్యమంటావనీ అడిగావు. నా మాట ముందే చెప్తా. మీరు కాపురం ఉండడానికైతే పాతూళ్లో ఇల్లే తీసుకో. పడగొట్టి మూడంతస్తులు లేపి అద్దెలకిచ్చే ఆలోచనుంటే మాత్రం ఆ సందు జోలికి పోవద్దు, ప్లాటు కొనుక్కో. పాతూళ్లో ఏ ఇల్లూ నిఖార్సుగా ఒక్కరిది కాదు నాయనా. గోడ పక్కింటితో ఉమ్మడి, కాలవ సందంతటికీ ఉమ్మడి, ఆస్తి మీద హక్కు అన్నదమ్ములకూ అక్కచెల్లెళ్లకూ ఉమ్మడి. ఇవన్నీ ఒప్పుకుని బతకగలిగినవాడికి అంత సుఖమైన చోటు ఇంకోటి లేదు.

ఈ ఊరు ఇట్లా ఇరుగ్గా ఎందుకుందో నీకు తెలిసుండాలి. కొండ మీద కోట, కొండ కింద పేట. విజయనగరం తర్వాత బీజాపూరు సుల్తానుల చేతికొచ్చి, వాళ్ల తరఫున ఏలిన సిద్ది మసూద్ ఖాన్ 17వ శతాబ్దంలో జామియా మసీదు కట్టించాడు. 1786లో టిప్పు పట్టుకుని కోటగోడలు కూల్పించాడు. 1800లో నిజాం ఈ సీమనంతా ఇంగ్లీషువాళ్లకు అప్పజెప్పాడు. ప్రభువులు మారినా పేట అక్కడే ఉండిపోయింది. తర్వాత రైలొచ్చి, పత్తి వ్యాపారం పెరిగి, జిన్నింగు మిల్లులు లేచి జనం పెరిగారు గానీ సందులు పెరగలేదు. అందుకే ఆ సందులో తెలుగు, కన్నడం, ఉర్దూ, మార్వాడీ నాలుగూ వినబడతాయి. నీ పిల్లలకు అది ఖర్చు లేకుండా వచ్చే చదువు.

ఇక కాగితాల సంగతి. రిజిస్ట్రారాఫీసు ముందు కూర్చుని దస్తావేజులు రాసినవాణ్ని కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువే రాస్తా, ఓపిగ్గా చదువు.

ముందు చెక్కుబంది చూడు. పాత క్రయపత్రంలో తూర్పున ఫలానా శెట్టి ఇల్లు, పడమర రస్తా అని ఉంటుంది. ఆ శెట్టి పోయి రెండు తరాలై ఉంటుంది, ఆ ఇల్లు మూడు ముక్కలై ఉంటుంది. నాటి హద్దుదారు నుంచి నేటి హద్దుదారు దాకా వరస కలపాలి. టౌన్ సర్వే నంబరు, మున్సిపాలిటీ అసెస్‌మెంటు నంబరు, దస్తావేజు కొలతలు మూడూ ఒకదానికొకటి సరిపోవాలి. సర్వేయరుతో నీ కళ్లెదుట కొలిపించు. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా మనం బళ్లారి జిల్లాలో ఉన్నవాళ్లం. లింకు డాక్యుమెంట్లలో కన్నడం కాగితం కనబడితే కంగారుపడొద్దు, పక్కన పెట్టేయనూ వద్దు. చదివే మనిషి చేత అక్షరమక్షరం చదివించు.

రెండోది ఆడబిడ్డల సంతకాలు. "చెల్లెలికి పెళ్లప్పుడే ఇచ్చేశాం" అంటారు అమ్మేవాళ్లు. ఆ మాట చెల్లదు. 2005 సెప్టెంబర్ 9న హిందూ వారసత్వ చట్టం సవరించారు, 2020లో సుప్రీంకోర్టు దాన్ని ఇంకా తేటగా చెప్పింది. పిత్రార్జితంలో కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కుంది. 2004 డిసెంబర్ 20కి ముందే రిజిస్టరైన భాగపరిష్కారం ఉంటే దాని లెక్క వేరు. పెద్దమనుషుల ముందు తెల్లకాగితం మీద రాసుకున్న పారికత్తును నమ్ముకోవద్దు. బళ్లారిలోనో రాయచూరులోనో ఉన్న ఆ ఆడపడుచు వచ్చి సంతకం పెడితేనే కొను. కోర్టు భయంతో చెప్పడం లేదు, ఆమె భాగం ఆమెకు దక్కాలని చెప్తున్నా. ఆమెకు చెప్పకుండా అమ్మే ఇంట్లో మన కోడలు పొయ్యి వెలిగించడం నాకిష్టం లేదు.

జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) మీద అమ్మేదైతే వద్దు. దాంతో హక్కు రాదని 2011లోనే సుప్రీంకోర్టు తేల్చింది. ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) ముప్పయ్యేళ్లకు తగ్గకుండా తీయించు. రిజిస్ట్రేషన్ చట్టం 22ఏ కింద ఉన్న నిషేధిత జాబితా చూడు, వక్ఫు, దేవాదాయ స్థలాలు పాతూళ్లో ఎక్కడైనా తగలొచ్చు. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం దగ్గరుంటే 100 మీటర్ల లోపల కొత్తగా కట్టనివ్వరు, ఆపైన ఇంకో 200 మీటర్ల దాకా అనుమతి తీసుకోవాలి. స్టాంపు, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిసి ఏడున్నర శాతం. అది ధరలో కలుపుకుని లెక్కేసుకో.

ఇల్లు చూసేటప్పుడు రంగులు చూడొద్దు. అది రాతిగోడల మిద్దె అని రాశావు. దూలాలనూ దంతెలనూ మొనగల చాకుతో గుచ్చి చూడు, చెదలుంటే చాకు దిగిపోతుంది. మట్టీ సున్నంతో కట్టిన గోడకు ఎవరైనా సిమెంటు పూసుంటే చెమ్మ లోపలే నిలిచి రాయి కుళ్లినట్టు పెచ్చులూడుతుంది. అది గీకించి మళ్లీ సున్నమే పూయించు. పడసాలలో బండ మీద కాలేసి తట్టు, డొల్ల మోగితే కింద పాత జొన్నల పాతర ఉండొచ్చు. పక్కింటి దూలాలు నీ గోడలో దూరి ఉంటే వాళ్లను పలకరించి, ఉమ్మడి గోడ సంగతి రాతలో పెట్టించుకో. వాళ్ల మిద్దె నీళ్లు 20 ఏళ్లకు పైగా అడ్డు లేకుండా మీ వైపు పడుతుంటే దాన్ని నువ్వు ఆపలేవు. కొత్త ప్లాను పెడితే రోడ్డు వెడల్పు కోసం ముందు భాగం వదలమంటారు, అప్పుడు రెండు సెంట్ల ఇల్లు ఇంకెంత మిగులుతుంది? పడగొట్టొద్దని నేననేది అందుకే. పైగా మే నెల ఎండలో ఆ రెండడుగుల మందం గోడ, గవాచి వెలుతురు ఇచ్చే చల్లదనం కొత్త స్లాబు కింద రాదు.

నీళ్లే అసలు కష్టం. తుంగభద్ర దిగువ కాలువ పారితే బసాపురం ట్యాంకు నిండాలి, అది నిండితే మన కుళాయి రావాలి. 2024 ఆగస్టులో తుంగభద్ర డ్యాం 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు ఈ పడమటి కర్నూలంతా నిద్రపోలేదు. సంపు లేని ఇల్లైతే, తవ్వే చోటుందా అని చూసుకుని మాట్లాడు. కారు ఆ సందులోకి రాదు, బయట పెట్టుకోవాలి. పత్తి బండ్ల కాలంలో పెద్ద రోడ్డు దాటడానికే పొద్దు పోతుంది.

అయినా ఎందుకు తీసుకోమంటున్నానంటే, మీ నాయనకు మోకాళ్ల నొప్పులు. ఆ ఇంటి నుంచి కూరగాయలు, మందుల షాపు, గుడి, ఆస్పత్రి అన్నీ నడకలో ఉన్నాయి. ప్లాటులో ఇల్లు కట్టుకుంటే ఆయన నీ బండి కోసం గేటు దగ్గర కూర్చోవాలి. నువ్వు పొద్దున ఎమ్మిగనూరు బస్సెక్కి పోయాక కోడలికి ఏ అవసరమొచ్చినా అరుగు మీద పిలిచే మనిషుంటారు.

ఎమ్మిగనూరులోనే చూద్దామా అని కూడా అన్నావు. మంచి ఊరే. మాచాని సోమప్పగారు 1938లో చేనేత సహకార సంఘం పెట్టి ఎన్నో కుటుంబాలను నిలబెట్టిన ఊరు. అక్కడ నేతగాళ్ల పాత ఇల్లు చూస్తే, మగ్గం గుంత ఎక్కడ పూడ్చారో అడుగు, సరిగ్గా దిమ్మిస కొట్టకపోతే నేల కుంగుతుంది. సంఘం ద్వారా వచ్చిన ఇల్లైతే హక్కు పూర్తిగా బదిలీ అయ్యిందో లేదో సంఘం కాగితం చూడాలి. రైలు లేదన్నదొక్కటే ఆ ఊరికి లోటు.

బయానా ఇప్పుడే ఇయ్యొద్దు. అమ్మేవాళ్లను ఏడాదికి అద్దెకడుగు. ఒక ఎండాకాలం, ఒక వానాకాలం ఆ మిద్దె కింద గడపండి. ధర పెంచుతారని భయమైతే, ధర రాసుకుని అగ్రిమెంటు రిజిస్టరు చేయించుకుందాం, ముసాయిదా నేనే రాస్తా. లింకు డాక్యుమెంట్ల జిరాక్సులు బస్సులో పంపొద్దు, ఆదివారం నువ్వూ కోడలూ తీసుకురండి. భోజనం ఇక్కడే చేసి, సాయంత్రం ముగ్గురం పోయి పక్కిళ్లవాళ్లతో మాట్లాడదాం.

ఇట్లు,
మీ చిన్నాయన