డప్పు మోత - చెవికి కాపు

తల్లి పొలం నుంచి వచ్చింది. గంప దించింది. ఇంట్లో నుంచి డప్పు మోత వినిపిస్తోంది. చిర్ర, సిటికెన పుల్ల రెండూ కలిసి పరుగెడుతున్నాయి.

అరుగు మీద ముసలి నాయన కూర్చున్నాడు. ఆయన వీపు వెనకనే మనుమరాలు డప్పు కొడుతోంది. ఆయన తల కూడా తిప్పలేదు.

అవి ముప్పై ఏండ్లు డప్పు కొట్టిన చెవులు. పెండ్లికి కొట్టాడు. చావుకు కొట్టాడు. బోనాలకు కొట్టాడు. ఇప్పుడు పక్కన పిడుగు పడినా వినపడదు.

బిడ్డ ఇంటర్ చదువుతోంది. తాత దగ్గరే డప్పు నేర్చుకుంది. ఒక పాటల బృందం వాళ్ళు ఆమె దరువు విన్నారు. "ఒక పాటకు డప్పు కొట్టి, రికార్డు చేసి పంపు. బాగుంటే పిలుస్తాం" అన్నారు. దీన్నే డెమో అంటారు. డెమో అంటే నమూనా. బియ్యం కొనే ముందు గుప్పెడు తీసి చూస్తాం కదా. ఇదీ అంతే.

"అమ్మా, నాకు హెడ్‌ఫోన్లు కావాలె" అంది బిడ్డ.

"డప్పు కొట్టేదానికి చెవుల మీద అవెందుకే?" అడిగింది తల్లి.

"పాట ఫోన్ల ఉంది. పాట వినుకుంట కొట్టాలె. పాట బయటికి పెడితే డప్పుతో పాటు అది కూడా మళ్ళా రికార్డు అయితది. రెండూ కలగాపులగం అయితయి. పాట నా చెవికే వినపడాలె. ఫోనుకు డప్పు ఒక్కటే వినపడాలె."

తల్లి ఆలోచించింది. పొదుపు సంఘంలో ఆమె డబ్బు ఉంది. వెయ్యి రూపాయలు తీయవచ్చు. అంతకు మించి కుదరదు. విత్తనాలు కొనాలి.

"సరే బిడ్డా. గని నాకు ఒక మాట చెప్పు. తాత చెవులు ఎట్ల పోయినయో నీకు ఎరుకేనా?"

చెవి ఎలా పాడవుతుంది?

మన లోపలి చెవిలో సన్నని వెంట్రుకల్లాంటి కణాలు ఉంటాయి. శబ్దం వస్తే అవి కదులుతాయి. ఆ కబురు నరం ద్వారా మెదడుకు చేరుతుంది. వరిచేను గాలికి ఊగినట్టు అవి ఊగుతాయి. పెద్ద గాలి వస్తే చేను పడిపోతుంది. పెద్ద మోత ఎక్కువసేపు వింటే ఆ కణాలు కూడా అలాగే దెబ్బతింటాయి. చేను మళ్ళీ వేసుకోవచ్చు. ఆ కణాలు మాత్రం ఒకసారి చనిపోతే మళ్ళీ మొలవవు.

శబ్దాన్ని కొలిచే కొలతను డెసిబెల్ అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక లెక్క చెప్పింది.

80 డెసిబెల్స్ మోతను వారానికి 40 గంటలు వినవచ్చు.
90 డెసిబెల్స్ అయితే వారానికి 4 గంటలే.
100 డెసిబెల్స్ అయితే వారం మొత్తానికి 20 నిమిషాలే.

డప్పు, డ్రమ్ము లాంటివి దగ్గరగా గట్టిగా కొడితే 100 డెసిబెల్స్ కూడా దాటగలవు. అందుకే కొట్టేవాళ్ళ చెవికి కాపు కావాలి.

ఇక్కడ ఇంకో ప్రమాదం ఉంది. డప్పు మోతలో పాట వినపడదు. అప్పుడు ఏం చేస్తాం? హెడ్‌ఫోన్ల సౌండు పెంచుతాం. బయటి మోత ఒకటి, లోపలి మోత ఒకటి. చెవికి రెండు దెబ్బలు. మంచి హెడ్‌ఫోన్లు బయటి మోతను తగ్గిస్తాయి. అప్పుడు పాటను తక్కువ సౌండుతోనే వినవచ్చు. కాబట్టి ఇది పాట కోసమే కాదు, చెవి కోసం కూడా.

అంగడిలో

తల్లీబిడ్డలు బజారుకు వెళ్ళారు. అంగడాయన మెరిసే డబ్బా ఒకటి తీశాడు.

"ఇది బ్లూటూత్ అమ్మా. వైరు ఉండదు. పధ్నాలుగు వందలు. ఇప్పుడు అందరూ ఇదే కొంటున్నారు."

"అందరి సంగతి వేరు సార్. మా బిడ్డ డప్పు కొట్టాలె" అంది తల్లి. "ఇండ్ల పాట ఫోన్ల వచ్చినప్పుడే చెవిల పడ్తదా?"

అంగడాయన కొంచెం తడబడ్డాడు. "కొద్దిగా ఆలస్యం ఉంటదమ్మా" అన్నాడు.

ఆ కొద్ది ఆలస్యమే కొంప ముంచుతుంది. మామూలు బ్లూటూత్‌లో పాట చెవికి చేరడానికి సెకనులో పదో వంతు పట్టవచ్చు. అయిదో వంతు కూడా పట్టవచ్చు. పాట వినడానికి అది లెక్కలోది కాదు. కానీ డప్పులో సెకనుకు నాలుగు దెబ్బలు పడతాయి. చెవికి పాట ఆలస్యంగా వస్తే, చెయ్యి ఆలస్యంగా పడుతుంది. పాట ఒక దారి, దరువు ఒక దారి అవుతుంది. అందుకే ఈ పనికి వైరు ఉన్నదే మేలు. వైరుది ధర కూడా తక్కువ. చార్జింగు గొడవ లేదు.

"వైరుది చూపించండి" అంది తల్లి.

ఆయన మూడు రకాలు పెట్టాడు.

మొదటిది చెవి దొప్పల వెనక జల్లెడలా చిల్లులు ఉన్నది. దాన్ని ఓపెన్ రకం అంటారు. అందులో లోపలి పాట బయటికి పోతుంది. బయటి మోత లోపలికి వస్తుంది. రికార్డింగు చేసే డప్పు మనిషికి ఇది పనికిరాదు.

రెండోది చిన్న దొప్పలది. చెవి మీద ఆనుతుంది కానీ చెవిని పూర్తిగా మూయదు. తల ఊపితే జారుతుంది.

మూడోది చెవి చుట్టూ పూర్తిగా మూసేది. దొప్ప వెనక చిల్లులు లేవు. మెత్తని దిండు గుండ్రంగా ఉంది. దీన్ని క్లోజ్డ్ రకం అంటారు. బిడ్డ పెట్టుకుని తల ఊపింది. జారలేదు.

తల్లి తన ఫోనుకు తగిలించి పాట పెట్టింది. సౌండు సగమే ఉంచింది. జానెడు దూరంలో నిలబడి చెవి ఒగ్గింది. పాట బయటికి దాదాపు వినపడలేదు. మన చెవికి వినపడితే ఫోను మైకుకు కూడా వినపడుతుంది. ఇదే పరీక్ష.

తర్వాత తల్లి పెట్టె చేతికి తీసుకుంది. అక్షరాలు కూడబలుక్కుంటూ చదివింది. ఆమె వేలు ఒక్కో వరుస మీద ఆగింది.

పెట్టె మీద ఏం చదవాలి?

1. ఎమ్మార్పీ: అంటే గరిష్ఠ ధర. పన్నులన్నీ అందులోనే కలిసి ఉంటాయి. అంతకు మించి ఒక్క రూపాయి కూడా అడగకూడదు. తక్కువకు ఇవ్వవచ్చు. బేరం ఆడవచ్చు.

2. ఓమ్: ఇది గుర్రపు లాడం లాంటి గుర్తు. దాని పక్కన అంకె ఉంటుంది. ఫోనుతో వాడేవాళ్ళకు 16 నుంచి 80 లోపు ఉంటే చాలు. 250 ఉంటే ఫోనుకు బలం చాలదు. పాట సన్నగా వినిపిస్తుంది.

3. వైరు పొడవు: 1.2 మీటరు అంటే నాలుగు అడుగులు. 3 మీటర్లు అంటే దాదాపు పది అడుగులు. ఫోను డప్పుకు మరీ దగ్గరగా ఉంటే శబ్దం పగిలిపోతుంది. కనుక పొడుగు వైరు మంచిది. లేకపోతే కలుపుడు వైరు విడిగా కొనుక్కోవచ్చు.

4. వారంటీ: ఎన్ని నెలలో చూడాలి. తయారుచేసినవారి పేరు గానీ, దిగుమతి చేసుకున్నవారి పేరు గానీ ఉందో లేదో చూడాలి. ఫిర్యాదు చేసే నంబరు కూడా చూడాలి.

"20 నుంచి 20,000" అని ఒక అంకె ఉంటుంది. దాదాపు అన్ని పెట్టెల మీదా ఇదే ఉంటుంది. దాన్ని చూసి ఎక్కువ డబ్బు పెట్టనక్కర లేదు.

ఇంకో గుర్తు ఉంది. వైరు చివర పిన్ను చూడండి. దాని మీద నల్లని గీతలు ఉంటాయి. రెండు గీతలు ఉంటే వైరుకు మైకు లేదు. మూడు గీతలు ఉంటే మైకు ఉంది. మైకు ఉన్నది తగిలిస్తే ఫోను తన మైకు వదిలేసి, మెడ దగ్గరి ఆ చిన్న మైకుతో రికార్డు చేయవచ్చు. డప్పు శబ్దం చెడుతుంది. కాబట్టి రెండు గీతలదే తీసుకోవాలి. కొత్త ఫోన్లలో కొన్నింటికి గుండ్రని రంధ్రం ఉండదు. అప్పుడు మధ్యలో పెట్టే చిన్న ముక్క కూడా కొనాలి. దాని ఖర్చు ముందే లెక్క వేసుకోవాలి.

పెట్టె మీద ఎమ్మార్పీ 999 రూపాయలు. తల్లి బేరం ఆడింది. 850కి ఇచ్చాడు.

"బిల్లు ఇవ్వండి" అంది తల్లి.

"చిన్న సామానుకు బిల్లు ఎందుకమ్మా?"

"చెడిపోతే నేను నా నోటితో చెప్తే మీరు వింటరా? కాయితం చెప్తే వింటరు."

ఆయన నవ్వి బిల్లు రాశాడు. తల్లి తేదీ చదివింది. అంకెలు చదివింది. మడిచి కొంగున కట్టుకుంది.

ఇంట్లో

బిడ్డ వైరును వీపు వెనక నుంచి, చున్నీ కింద నుంచి దించింది. చిర్రకు తగలకుండా జాగ్రత్త పడింది. ఫోనును ఎనిమిది అడుగుల దూరంలో పీట మీద పెట్టింది. గోడలకు బొంతలు వేలాడదీసింది. బొంతలు ఉంటే గది మారుమోగదు. డప్పును మంట దగ్గర కాచింది. మొదట పది దెబ్బలు కొట్టి రికార్డు చేసి విన్నది. కొంచెం పగిలింది. ఫోనును ఇంకో అడుగు వెనక్కి జరిపింది.

తల్లి ఒక కట్టుబాటు పెట్టింది. "పావుగంట కొట్టు. పావుగంట చెవులకు ఆరాం ఇయ్యి. సౌండు సగం దాటొద్దు. చెవుల గుయ్ మంటే ఆనాటికి బందు."

చెవిలో గుయ్ మని మోగినా, మాటలు దూది చుట్టినట్టు వినిపించినా, అది చెవి చేసే హెచ్చరిక. మరుసటి రోజుకు కూడా తగ్గకపోతే డాక్టరుకు చూపించాలి.

ఈ హెడ్‌ఫోన్లు మోతను కొంతవరకే తగ్గిస్తాయి. రోజూ చాలాసేపు కొట్టేవాళ్ళకు ఇంకో చవక ఉపాయం ఉంది. ఫ్యాక్టరీల్లో పనివాళ్ళు పెట్టుకునే చెవి దొప్పలు దొరుకుతాయి. పెద్ద మోతను అవి బాగా ఆపుతాయి. చెవిలో చిన్న వైరు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, పైన ఆ దొప్పలు వేసుకోవచ్చు.

నాలుగో సారికి పాట కుదిరింది. బిడ్డ పరుగున వచ్చి తాత చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఏమీ వినపడలేదు. అప్పుడు బిడ్డ ఆయన అరచేతిని డప్పు మీద ఆనించి, పక్కన మెల్లగా కొట్టింది. తాత చేతికి దరువు తెలిసింది. వేళ్ళు కదిలాయి.

తల్లి హెడ్‌ఫోన్లు తీసి గోడ కొక్కేనికి తగిలించింది.

"ఇగ డప్పు దించిన ప్రతిసారీ ఇవి కూడా దించాలె" అంది.

గుర్తుంచుకుందాం

వైరు ఉన్నది తీసుకోవాలి.
చెవిని పూర్తిగా మూసేది తీసుకోవాలి.
పెట్టుకుని తల ఊపి చూడాలి.
సౌండు సగమే ఉంచాలి. మధ్యలో చెవులకు విశ్రాంతి ఇవ్వాలి.
బిల్లు అడగాలి. మోసం జరిగితే 1915 నంబరుకు ఫోను చేయవచ్చు. అది జాతీయ వినియోగదారుల సహాయ నంబరు.

మాట్లాడుకుందాం

1. మీ ఊళ్ళో డప్పు, డోలు కొట్టేవాళ్ళకు వినికిడి ఎలా ఉంది? మరమగ్గాల దగ్గర, పిండిమర దగ్గర పనిచేసేవాళ్ళకు ఎలా ఉంది?
2. అంగడాయన మొదట చూపించింది తల్లి ఎందుకు కొనలేదు?

లెక్క చేద్దాం

తల్లి 1,000 రూపాయలు తీసుకువెళ్ళింది. 850 రూపాయలు ఇచ్చింది. ఎంత మిగిలింది? ఎమ్మార్పీ మీద ఎంత తగ్గింది?

రాద్దాం

మీ ఇంట్లో ఉన్న ఏదైనా పెట్టె తీసుకోండి. దాని మీది ధర, తయారైన నెల, తయారుచేసినవారి పేరు మీ నోటు పుస్తకంలో రాయండి.