గులాబీకి చీపురు చిగుళ్లు

ప్రశ్న: డాలస్‌లో మా పెరటి గులాబీకి ఎర్రటి చిగుళ్లు చీపురులా గుబురుగా వస్తున్నాయి. కాడ నిండా ముళ్లు. మందుందా? – ఒక పాఠకురాలు

జవాబు: చిగురు ఎర్రగా ఉండటం చాలా గులాబీలకు మామూలే. ముళ్లు అంత దట్టంగా వస్తే మాత్రం రోజ్ రోసెట్ తెగులును అనుమానించాలి. అమెరికాలో 1940ల నుంచీ ఉన్నా, కారకమేదో దశాబ్దాలపాటు తేలలేదు. 2011లో, జబ్బు మొక్కల్లోని ఆర్‌ఎన్‌ఏ క్రమాన్ని చదివాకే వైరస్ బయటపడింది. మొదట నాలుగు ముక్కలుగా కనిపించిన దాని జన్యుపదార్థం ఏడు ముక్కలని తర్వాత తెలిసింది. ఆ క్రమం చేతిలో ఉండబట్టే ఇవాళ ఆకు నమూనాతో ఆర్‌టీ-పీసీఆర్ పరీక్ష చేయగలుగుతున్నారు. చికిత్స మాత్రం లేదమ్మా, చెప్పడానికి బాధగానే ఉంది. కంటికానని నల్లులు గాలికి కొట్టుకొచ్చి దీన్ని అంటిస్తాయి. నిర్ధారణ కాగానే మొక్కను వేళ్లతో సహా పెకలించి, సంచిలో కట్టి పారేయండి. ఇరుగుపొరుగు గులాబీల వాళ్లకూ చెప్పండి.