ప్లస్ వన్ ఎక్కడ పడుతుందో చూడు

కౌడిపల్లి,
మెదక్ జిల్లా.

చిరంజీవి తమ్మునికి,

తమ్మీ, నీ గోల్కొండ ముట్టడి ఆట నియమాలు అందాయి. 1687లో ఔరంగజేబు సేన ఎనిమిది నెలలు కోట చుట్టూ కాచుకుని కూర్చున్న కథను బల్ల మీదికి తేవాలన్న నీ ఆలోచన నాకెంతో నచ్చింది. సిపాయి బొమ్మలకు రంగులు కూడా మంచిగ కుదిరాయి. కాని బోనస్‌లు, మైనస్‌లు ఒకదానిపై ఒకటి పేర్చిన తీరు మాత్రం ఇప్పుడే సరిచేసుకోవాలి. ఆట బతికేదీ చచ్చేదీ అక్కడే.

నీ ఆటలో మొఘల్ సిపాయి 4+ మీద గురి తగులుస్తాడు. అంటే పాచికలో 4, 5, 6 ఏది పడినా తగిలినట్టే. గోడ మీదున్న గోల్కొండ సుల్తాన్ తానీషా సైనికుణ్ణి కాలిస్తే గోడకు మైనస్ 1, ఎత్తుకు మైనస్ 1, వానకు మైనస్ 1, పొగకు మైనస్ 1 అన్నావు. నాలుగూ కలిస్తే సిపాయికి 8 పడాలి. ఆరు ముఖాల పాచికలో 8 ఎక్కడుంది? విడివిడిగా చూస్తే నాలుగూ న్యాయమైనవే. కలిపాక మొఘల్ వైపు కూర్చున్నవాడికి పాచిక వేయడమే దండగ.

ఈ చిక్కు పెద్ద ఆటలకూ వచ్చింది. 2017లో వచ్చిన వార్‌హామర్ 40,000 ఎనిమిదో ఎడిషన్‌లో హిట్ రోల్ (గురి తగిలిందా అని వేసే పాచిక) మీద పడే మైనస్‌లకు హద్దు లేదు. ఎల్డార్ సేనలో అలైటాక్ వర్గపు విమానాన్ని కాల్చేవాడికి అది దూరాన ఉంటే ఒక మైనస్, విమానం కాబట్టి ఇంకొకటి, లైట్నింగ్ ఫాస్ట్ రియాక్షన్స్ అనే స్ట్రాటజమ్ (ప్రత్యేక ఎత్తుగడ) వాడితే మరొకటి. 4+తో కాల్చే మామూలు సైనికుడికి 7 కావాలి. 2020లో తొమ్మిదో ఎడిషన్ తెచ్చినప్పుడు దీన్ని కట్టడి చేశారు. ఎన్ని కలిసినా హిట్ రోల్ చివరికి మారేది ఒక్క పాయింటే. పాచిక మీద అసలు 6 పడితే ఎప్పుడూ తగిలినట్టే, 1 పడితే ఎప్పుడూ తప్పినట్టే. హద్దు గురించిన మాట, 6, 1ల గురించిన మాట, ఈ రెండూ నీ నియమాల మొదటి పేజీలోనే రాసుకో.

ఇక లెక్క దగ్గరికి వద్దాం. ప్లస్ 1 విలువ అందరికీ ఒకటి కాదు. 6 పడితేనే తగిలేవాడికి ప్లస్ 1 ఇస్తే అవకాశం ఆరింట ఒకటి నుంచి ఆరింట రెండుకు పెరుగుతుంది, అంటే రెట్టింపు. 4+ వాడికి ఆరింట మూడు కాస్తా ఆరింట నాలుగు అవుతుంది, మూడో వంతు లాభం. 2+ వాడికి అసలేమీ రాదు, ఎందుకంటే 1 ఎలాగూ తప్పే. మైనస్ కూడా అంతే. 5+ వాడి దెబ్బలు సగానికి పడిపోతాయి, 3+ వాడికి పావు వంతే పోతుంది. కాబట్టి మైనస్‌ల దెబ్బ ముందు తగిలేది గురి రాని బీద సిపాయికే.

రెండో సంగతి ఇంకా ముఖ్యం. 24 గుళ్లు కాల్చారనుకో. తగలడానికి 4+, గాయపడడానికి 4+, ఎదుటివాడు కాచుకోవడానికి 4+. ప్రతి మెట్టు దగ్గరా సగం రాలిపోయి చివరికి ముగ్గురు పడతారు. ఇప్పుడు హద్దు లేదనుకుని మూడు ప్లస్‌లనూ తగిలే మెట్టు మీదే పెట్టు. 4+ కాస్తా 2+ అయి ఆగిపోతుంది, మూడో ప్లస్ వృథా. పడేది ఐదుగురు. అవే మూడింటిని మెట్టుకొకటి చొప్పున పంచి చూడు. తగలడం 3+, గాయం 3+, ఎదుటివాడు కాచుకోవడం కష్టమై 5+. పడేవాళ్లు ఏడుగురు దాటుతారు. చిన్న చిన్న బోనస్‌లు వేర్వేరు మెట్ల మీద పడితే కూడిక కాదు, గుణకారం జరుగుతుంది. ఆటలు అదుపు తప్పేది ఇక్కడే.

వరస కూడా తేల్చి రాయి. బలం 4 ఉన్నవాడికి ఒక నియమం రెట్టింపు ఇచ్చి, ఇంకోటి ప్లస్ 1 ఇస్తే జవాబు 9 ఆ, 10 ఆ? వార్‌హామర్‌లో గుణకారాలు, భాగహారాలు ముందు, కూడికలు, తీసివేతలు తర్వాత, మిగిలిన భిన్నాన్ని చివర్లో పైకి సవరిస్తారు. అంటే 9. అలాగే స్టాట్‌ను (బలం లాంటి అంకెను) మార్చే నియమం వేరు, పాచికను మార్చే నియమం వేరు. పాచికకు పెట్టిన హద్దు స్టాట్‌కు వర్తించదు. ఏది మారుస్తున్నావో పేరు పెట్టి రాయకపోతే బల్ల దగ్గర తగవులే.

ఒకే కారణానికి రెండుసార్లు ఇవ్వకు. 2000లో వచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ మూడో ఎడిషన్ బోనస్‌లను రకాలుగా విడగొట్టింది. చాలావరకు ఒకే రకానివి రెండు వస్తే పెద్దదే చెల్లుతుంది. ఒకే వానకు రెండు గొడుగులు పట్టుకుంటే రెండోది చేతికి బరువే కదా! నీ ఆటలో వాన, పొగ రెండూ చూపును అడ్డుకునేవే. వాటిలో ఒక్కదాన్నే లెక్కలోకి తీసుకో.

ఇప్పుడు నీ నాలుగు మైనస్‌లను వాటి వాటి చోట్లకు పంపుదాం. వాన లేదా పొగ గురి మీద పడాలి, ఇరువైపులా. గోడ గురిని చెడగొట్టదు, గుండును ఆపుతుంది, కాబట్టి అది కాచుకునే పాచికకు ప్లస్ 1. ఎత్తును తుపాకీ దూరంలో చూపించు. ఆ ముట్టడిలో మొఘల్ దండును కరువు పీడించింది కదా, దాన్ని గురిలో కలపకు, వంతు వంతుకూ తగ్గే సిపాయిల సంఖ్యలో చూపించు. చివరికి కోట పడింది లోపలివాడు తలుపు తీయడం వల్ల. దానికి ఏ ప్లస్సూ సరిపోదు, విడిగా ఒక ఘట్టమే రాయాలి.

ఇలా మార్చాక చూడు. 4+ గురి వానలో 5+ అవుతుంది, గోడ చాటున 5+ కాపు 4+ అవుతుంది, గాయం 4+ దగ్గరే ఉంటుంది. మామూలుగా 24 గుళ్లకు నలుగురు పడేచోట ఇప్పుడు ఇద్దరు పడతారు. కోట బలం కళ్లకు కనబడింది, మొఘల్ వైపువాడి పాచికకూ విలువ మిగిలింది.

ప్రతి నియమం పక్కన దాని లెక్క ఇలాగే రాసి పెట్టుకో. స్నేహితులతో ఆడించేటప్పుడు గెలిచినవాణ్ణి కాదు, ఓడినవాణ్ణి అడుగు, ఏ వంతులో ఆశ వదిలేశావని. ఆ వంతులో ఏవేం కలిశాయో వెతికితే చిక్కు దొరుకుతుంది. దసరా సెలవులకు వచ్చినప్పుడు సరిచేసిన కాగితాలు తెచ్చుకో. ఒకరోజు మెదక్ కోట ఎక్కి ఎత్తు నుంచి ఎంత దూరం కనబడుతుందో చూసి నీ దూరాల లెక్క సరిచూద్దాం. తానీషా వైపు నువ్వు కూర్చో, మొఘల్ వైపు నేను ఆడతాను.

ఇట్లు,
మీ అన్న